విండోస్ స్లో, మ్యాక్ ఫాస్ట్ అని తేల్చేసే ముందు: రన్‌టైమ్ స్పీడ్ కొలిచే పద్ధతి

మా టీమ్ గ్రూప్‌లో ఒకరోజు రాత్రి పదకొండింటికి ఒక స్క్రీన్‌షాట్ పడింది. ఒకటే పైథాన్ స్క్రిప్ట్, ఒకటే లాగ్ ఫైల్, తమ్ముడి మ్యాక్‌బుక్‌లో పట్టిన టైమ్‌కి నా విండోస్ లాప్‌టాప్‌లో దాదాపు రెట్టింపు. దాని కింద వరసగా నవ్వే ఎమోజీలు, "అన్నా, ఆ డబ్బా తీసి అటకెక్కించెయ్" అని సలహాలు. పౌరుషం పొడుచుకొచ్చి మర్నాడు పొద్దున్నే కూర్చుని చూస్తే, నా దగ్గరున్నది పైథాన్ 3.9, అతని దగ్గరున్నది 3.12. నా లాగ్ ఫైల్ క్లౌడ్‌కి సింక్ అయ్యే ఫోల్డర్‌లో పడుంది. పైగా నేను రన్ చేసినప్పుడు లాప్‌టాప్‌కి చార్జర్ లేదు. ఆ రెట్టింపు టైమ్‌లో విండోస్ వాటా ఎంతో ఆ స్క్రీన్‌షాట్ చూసి బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. పైథాన్ 3.11 ఒక్కటే, 3.10తో పోలిస్తే పైథాన్ తయారుచేసేవాళ్ళ సొంత బెంచ్‌మార్క్ సూట్‌లో (స్పీడ్ కొలిచే ప్రోగ్రాంల కట్టలో) సగటున 1.25 రెట్లు వేగం. ఇక 3.9కీ 3.12కీ పోలికేంటి?

అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇది. రన్‌టైమ్ అంటే మన కోడ్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్, పైథాన్ ఇంటర్‌ప్రిటర్ లాంటిది. ఉదాహరణలు ఎక్కువగా పైథాన్‌వే ఇస్తున్నాను, ఎందుకంటే రోజూ నేను తిట్టుకునేది దాన్నే. జావా, నోడ్, గో వాడేవాళ్ళకి కూడా సూత్రం అదే.

ముందు ప్రశ్న ఏంటో రాసుకోండి

నిజంగానే ఒక కాగితం మీద రాయండి. "ఈ ఆపరేటింగ్ సిస్టమ్ వల్ల ఎంత తేడా వస్తోంది?" అనేది ఒక ప్రశ్న. "మా సర్వర్‌లో జావా మేలా, గో మేలా?" అనేది ఇంకోటి. "ఏ లాప్‌టాప్ కొనాలి?" అనేది పూర్తిగా వేరే లోకం. మూడో ప్రశ్నకైతే పెట్టెలో ఏముందో పట్టించుకోనక్కర్లేదు, షాపులోంచి తెచ్చింది తెచ్చినట్టు రన్ చేసి టైమ్ చూసుకుంటే చాలు. మొదటి ప్రశ్నకి మాత్రం ఒక్క ఆపరేటింగ్ సిస్టమ్ తప్ప ఇంకేదీ మారకూడదు, అక్కడే అందరం పప్పులో కాలేస్తాం.

ఏమీ మారకూడదంటే మెషీన్ ఒకటే ఉండాలి. ఒకే లాప్‌టాప్‌లో విండోస్, లైనక్స్ రెండూ డ్యూయల్ బూట్ (ఆన్ చేసినప్పుడు ఏదో ఒకటి ఎంచుకునేలా) పెట్టుకోవడమే ఇందుకు తేలికైన దారి. వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన ఇంకో కంప్యూటర్‌లో) లైనక్స్ పెట్టి బయటున్న విండోస్‌తో పోలిస్తే, పోలుస్తున్నది లైనక్స్ ప్లస్ వర్చువలైజేషన్‌ని. విండోస్ లోపల లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ 2 కూడా అంతే, అందులో ఉన్నది నిజమైన లైనక్స్ కెర్నలే అయినా అది హైపర్-వీ అనే మైక్రోసాఫ్ట్ వర్చువలైజేషన్ మీద తేలికపాటి వర్చువల్ మెషీన్‌లోనే నడుస్తుంది. లెక్కల పని వరకు పెద్ద తేడా రాదు గానీ, మీ సీ డ్రైవ్‌లో ఉన్న ఫైళ్ళని డబ్ల్యూఎస్‌ఎల్ లోపలి నుంచి చదివిస్తే మాత్రం ప్రతి ఫైల్ రిక్వెస్టూ ఒక ప్రోటోకాల్ వంతెన దాటి వెళ్ళి రావాలి, చిన్న చిన్న ఫైళ్ళు వేలల్లో ఉంటే ప్రాణం విసిగిపోతుంది. ఆ ఫైళ్ళని డబ్ల్యూఎస్‌ఎల్ లోపలి హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని అప్పుడు కొలవండి.

మ్యాక్‌తోనే అసలు చిక్కు. ఇంటెల్ మ్యాక్‌లలో బూట్ క్యాంప్ ఉండేది, అదే మెషీన్‌లో విండోస్ కూడా నేరుగా బూటయ్యేది. 2020లో వచ్చిన ఆపిల్ సొంత చిప్ ఎం1 నుంచి ఆ దారి మూసుకుపోయింది. ఎం1, ఎం2 మెషీన్లలో ఆపిల్ చిప్‌ల కోసం తయారైన ఆసాహి లైనక్స్ పెట్టి మ్యాక్‌ఓఎస్‌కీ లైనక్స్‌కీ పోలిక చూడొచ్చు గానీ, విండోస్‌కీ మ్యాక్‌కీ ఒకే పెట్టెలో ముఖాముఖి ఇప్పుడు కుదరదు. కాబట్టి ఆ పోలికలో చిప్ తేడా ఎప్పుడూ ఉంటుంది. ఉంటుందని రాసేయండి, అందులో నామోషీ ఏం లేదు.

ఒకే వెర్షన్ నంబరుంటే ఒకే రన్‌టైమ్ అయిపోదు

మూడు చోట్లా పైథాన్ 3.12.4 వేశాం, ఇంక సమానమే కదా అనుకుంటాం. ఇంటర్‌ప్రిటర్ తెరవగానే పైన వచ్చే ఆ రెండు లైన్లు, రోజూ కళ్ళ ముందే ఉన్నా ఎవరూ చదవరు, ఈసారి చదవండి. లైనక్స్‌లో బ్రాకెట్ లోపల జీసీసీ అని ఉంటుంది. మ్యాక్‌లో క్లాంగ్ అని, విండోస్‌లో ఎంఎస్‌సీ అని ఉండి పక్కన 64 బిట్ అని ఉంటుంది (ఆ చివర విన్32 అని కనిపిస్తే కంగారు పడకండి, 64 బిట్‌కి కూడా అదే పేరు రాస్తుంది). అంటే ఒకే సోర్స్ కోడ్‌ని మూడు వేర్వేరు కంపైలర్లు (సోర్స్‌ని మెషీన్ కోడ్‌గా మార్చే ప్రోగ్రాంలు) వండాయి. బియ్యం ఒకటే, పొయ్యిలు వేరు.

దీనివల్ల ఎంత తేడా వస్తుందో తెలియాలంటే 2025లో జరిగింది చూడండి. పైథాన్ 3.14 కోసం కొత్త రకం ఇంటర్‌ప్రిటర్ లూప్ రాశారు, టెయిల్ కాల్స్ (ఒక ఫంక్షన్ తన చివరి పనిగా ఇంకోదాన్ని పిలవడం) మీద నడిచేది. పాతదానికంటే సగటున 9 నుంచి 15 శాతం వేగం అని మొదట ప్రకటించారు. అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత తేలిందేంటంటే, పోలిక కోసం పాత ఇంటర్‌ప్రిటర్‌ని కంపైల్ చేసిన క్లాంగ్ 19లో ఒక లోపం ఉంది, దానివల్ల పాతదే ఉండాల్సినదానికంటే నెమ్మదిగా తయారైంది. కొత్తది అంత ఫాస్ట్ అనిపించడానికి సగం కారణం పాతదాని కాలికి ఎవరో తెలియకుండా రాయి కట్టడం. తర్వాత ఆ అంకెను 3 నుంచి 5 శాతానికి దించి డాక్యుమెంటేషన్ మార్చారు. పైథాన్ కోర్ టీమ్ అంటే ఈ పనిలో తల పండినవాళ్ళు, ఒకే మెషీన్ మీద, ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ మీద కొలిచినా బేస్‌లైన్ దగ్గర దెబ్బ తిన్నారు. మనం మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు, మూడు కంపైలర్లు పెట్టుకుని ఐదు శాతం తేడా మీద గొడవపడుతున్నామంటే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

కంపైలర్ ఒకటే అయినా బిల్డ్ ఆప్షన్లు మారతాయి. అధికారిక ఇన్‌స్టాలర్లు నమూనా రన్‌ల ప్రొఫైల్ చూసి ఆప్టిమైజ్ చేసిన బిల్డ్‌లు ఇస్తాయి. వెర్షన్లు వేసిపెట్టే పైఎన్వ్ టూల్‌తో మీ మెషీన్ మీదే బిల్డ్ చేసుకుంటే ఆ ఆప్టిమైజేషన్ మీరు అడిగితే తప్ప ఉండదు. మీ సర్వర్‌లో ఉబుంటు పైథాన్, మీ మ్యాక్‌లో పైఎన్వ్ పైథాన్ పెట్టి పోలిస్తే మొదటికే మోసం. డాకర్‌లో (ప్రోగ్రాంని కంటైనర్‌లో పెట్టి నడిపే టూల్‌లో) ఇమేజ్ చిన్నగా ఉంటుందని ఆల్పైన్ అనే చిన్న లైనక్స్ వాడుతుంటారు చూడండి, అందులో ఉండేది మామూలు లైనక్స్‌లలో ఉండే గ్లిబ్‌సీ కాదు, మసల్ అనే వేరే సీ లైబ్రరీ, దాని మెమరీ అలకేటర్ (ప్రోగ్రాంలకి మెమరీ పంచిపెట్టే భాగం) త్రెడ్‌లు ఎక్కువున్న పనుల్లో బాగా వెనకబడుతుంది.

ఎం సిరీస్ మ్యాక్ వాడేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. పాత ఇంటెల్ మ్యాక్ నుంచి సెట్టింగులన్నీ కొత్తదానికి మార్చుకున్నప్పుడు పైథాన్, నోడ్ కూడా ఇంటెల్ వెర్షన్లే వచ్చేస్తాయి, ఆపిల్ వారి అనువాద సాఫ్ట్‌వేర్ రొసెట్టా వాటిని చప్పుడు చేయకుండా అనువదించి నడిపేస్తుంది, ఎక్కడా ఎర్రర్ రాదు. పైథాన్ ప్లాట్‌ఫామ్ మాడ్యూల్‌లో మెషీన్ అనే ఫంక్షన్ పిలిచి చూడండి. ఆర్మ్64 అని రావాలి, ఎక్స్86 అని వచ్చిందా, మీరు కొలుస్తున్నది రొసెట్టాని.

ఇక నంపై, పైథాన్‌లో లెక్కలకి వాడే లైబ్రరీ. ఇది నన్ను ఒక పూట మొత్తం ఏడిపించింది. నంపై 2.0 (2024) కంటే ముందు వెర్షన్లలో విండోస్ మీద మామూలు ఇంటీజర్ ఎరే చేస్తే అది 32 బిట్, లైనక్స్‌లోనూ మ్యాక్‌లోనూ 64 బిట్. విండోస్‌లో సీ భాష లాంగ్ టైప్ 32 బిట్ కావడమే కారణం. అంటే అదే కోడ్ విండోస్‌లో సగం మెమరీ మీద పని చేస్తుంది, కొన్నిసార్లు అక్కడే ఫాస్ట్‌గా కనిపిస్తుంది, మొత్తం పెద్దదైతే చడీచప్పుడు లేకుండా తప్పు ఆన్సర్ కూడా ఇస్తుంది. కాబట్టి డేటా టైప్‌ని మీరే స్పష్టంగా రాయండి. అలాగే టైమ్ చూసే ముందు మూడు చోట్లా ఆన్సర్ ఒకటేనా అని చూడండి, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా నేను చాలాకాలం చూసేవాణ్ణి కాదు.

మెషీన్‌ని కుదుటపెట్టడం

చార్జర్ పెట్టండి. విండోస్‌లో పవర్ మోడ్ బెస్ట్ పెర్ఫార్మెన్స్‌కి, లైనక్స్‌లో సీపీయూ గవర్నర్ (స్పీడ్ నిర్ణయించే సెట్టింగ్) పెర్ఫార్మెన్స్‌కి మార్చండి, మ్యాక్‌లో లో పవర్ మోడ్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. మే నెలలో బెజవాడలో కూర్చుని ఏసీ లేని గదిలో బెంచ్‌మార్క్ చేస్తే మొదటి పది రన్‌లు ఒక రకం, చివరి పది ఇంకో రకం వస్తాయి, వేడెక్కిన చిప్ తన స్పీడ్ తానే తగ్గించుకుంటుంది. ఎం సిరీస్ మ్యాక్‌బుక్ ఎయిర్‌కి అసలు ఫ్యానే లేదు. మధ్యలో కరెంట్ పోతే లాప్‌టాప్ బ్యాటరీ మీదకి వెళ్ళి నడుస్తూనే ఉంటుంది, మీరు టీ తాగడానికి వెళ్ళి ఉంటే ఆ సంగతి కూడా తెలియదు. అందుకే ప్రతి రన్‌తో పాటు చార్జర్ ఉందా లేదా అనేది కూడా నేను ఫైల్‌లో రాయించేస్తాను.

కోర్‌ల సంగతి. ఇంటెల్ 12వ జనరేషన్ (2021) నుంచి చాలా చిప్‌లలో, ఎం సిరీస్ చిప్‌లన్నింటిలో పెద్ద కోర్‌లు, చిన్న కోర్‌లు అని రెండు రకాలున్నాయి. మీ ప్రోగ్రాం ఏ కోర్ మీద పడుతుందనేది ఆపరేటింగ్ సిస్టమ్ ఇష్టం. లైనక్స్‌లో టాస్క్‌సెట్‌తో, విండోస్‌లో స్టార్ట్ కమాండ్ అఫినిటీ ఆప్షన్‌తో ఒక పెద్ద కోర్‌కి కట్టేయొచ్చు. మ్యాక్‌లో అలా కట్టేసే వీల్లేదు, మహా అయితే బ్యాక్‌గ్రౌండ్ పనిగా పంపకుండా చూసుకోగలం. అయితే ఒక్క మాట: షెడ్యూలర్ సరైన కోర్ ఎంచుకుందా లేదా అన్నది కూడా ఆపరేటింగ్ సిస్టమ్ పనితనంలో భాగమే కదా. అందుకే నేను రెండూ చేస్తాను, కట్టేసి ఒకసారి, వదిలేసి ఒకసారి.

యాంటీవైరస్ విషయంలో నా అభిప్రాయం కాస్త వేరు. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఆఫ్ చేసి కొలవమని చాలామంది చెబుతారు. మీరు రోజూ ఆఫ్ చేసుకుని పని చేస్తారా? చేయరు. మరి ఆఫ్ చేసి కొలిచిన నంబర్ ఎవరికి పనికొస్తుంది? విండోస్ ఫైల్ సిస్టమ్ స్పీడ్ ఎంతో తెలుసుకోవాలంటే ఆ ఫోల్డర్ ఒక్కదాన్నీ మినహాయింపులో పెట్టి కొలవండి, డెవలపర్ రోజువారీ అనుభవం తెలియాలంటే ఉన్నదున్నట్టు కొలవండి, ఏది చేశారో రాయండి. విండోస్ 11లో డెవలపర్ల కోసం డెవ్ డ్రైవ్ అనే డిస్క్ విభాగం వచ్చింది, అందులో డిఫెండర్ ఫైల్ తెరిచేటప్పుడు అడ్డుపడకుండా స్కాన్‌ని తర్వాతకి వాయిదా వేస్తుంది, అది కూడా మూడో వరుసగా పెట్టొచ్చు. మ్యాక్‌లో స్పాట్‌లైట్ (సెర్చ్) ఇండెక్సింగ్ నడుస్తుంటే అది అయ్యేదాకా ఆగండి.

ఏం పని చేయిస్తున్నారు?

ఒకే స్క్రిప్ట్‌లో ఫైల్ చదవడం, లెక్క చేయడం, స్క్రీన్ మీద ప్రింట్ చేయడం అన్నీ కలిపి మొత్తం టైమ్ తీస్తే కూరలో ఉప్పు ఎక్కువైందా కారం ఎక్కువైందా చెప్పలేనట్టే ఉంటుంది. విడగొట్టండి. కేవలం లెక్క ఒకటి, స్టార్టప్ ఒకటి, చిన్న ఫైళ్ళు తెరవడం ఒకటి, ప్రాసెస్‌లు పుట్టించడం ఒకటి. కేవలం లెక్కలో, అంటే సిస్టమ్ కాల్స్ (ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడిగి చేయించుకునే పనులు) పెద్దగా లేని పనిలో, ఒకే మెషీన్ మీద ఆపరేటింగ్ సిస్టమ్ మారితే తేడా సాధారణంగా తక్కువే వస్తుంది. ఎక్కువ వచ్చిందంటే ముందు మీ బిల్డ్‌ని అనుమానించండి. తేడాలు నిజంగా బయటపడేది ఫైళ్ళ దగ్గర, ప్రాసెస్‌ల దగ్గర.

ప్రాసెస్‌ల దగ్గర ఒక పెద్ద గుంట ఉంది. పైథాన్ మల్టీప్రాసెసింగ్ లైనక్స్‌లో 3.13 దాకా మామూలుగా ఫోర్క్ వాడేది, పిల్ల ప్రాసెస్ తండ్రి మెమరీని అలాగే పంచుకుని పుట్టేస్తుంది. విండోస్‌లో ఎప్పుడూ స్పాన్, అంటే కొత్త ఇంటర్‌ప్రిటర్ మొదటి నుంచి లేచి మాడ్యూళ్ళన్నీ మళ్ళీ ఇంపోర్ట్ చేసుకోవాలి. మ్యాక్‌లో కూడా 3.8 నుంచి స్పానే. 3.14లో లైనక్స్‌కి ఫోర్క్‌సర్వర్ (ముందే లేపి ఉంచిన ఒక ప్రాసెస్ నుంచి ఫోర్క్ చేయడం) అయింది. అంటే ఒకే కోడ్ మూడు చోట్లా ఒకే రకం పని చేయడం లేదు, మనం మాత్రం లైనక్స్ ఫాస్ట్ అని రాసేస్తాం. న్యాయంగా కావాలంటే మూడు చోట్లా స్పాన్ అని కోడ్‌లోనే పెట్టేయండి.

విండోస్‌లో స్టార్టప్ కొలిచేటప్పుడు ఇంకో తమాషా. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ లోపలున్న పైథాన్ ఎక్జిక్యూటబుల్ అక్కడ నిజమైన ఇంటర్‌ప్రిటర్ కాదు, అది అసలు పైథాన్‌ని పిలిచే చిన్న మధ్యవర్తి. టాస్క్ మేనేజర్‌లో చూస్తే రెండు పైథాన్‌లు కనిపిస్తాయి. స్టార్టప్‌లో ఒక ప్రాసెస్ అదనం, మెమరీ కొలిచారా, మధ్యవర్తి మెమరీ కొలిచి మురిసిపోయే ప్రమాదం ఉంది. బేస్ ఇంటర్‌ప్రిటర్‌ని నేరుగా పిలవండి.

ఇన్‌పుట్ ఫైల్ కూడా ఒకటేనా చూడండి. గిట్‌లో టెక్స్ట్ ఫైల్ విండోస్‌లోకి దిగేటప్పుడు సెట్టింగ్‌ని బట్టి ప్రతి లైన్ చివర ఒక బైట్ అదనంగా చేరుతుంది. కోటి లైన్ల లాగ్ అయితే కోటి బైట్లు. మూడు చోట్లా ఎస్‌హెచ్‌ఏ 256 హ్యాష్ (ఫైల్ వేలిముద్ర లాంటిది) తీసి సరిపోల్చండి, ఒక నిమిషం పని. ప్రింట్‌లు తీసేయండి, లేదా ఫైల్‌లోకి మళ్ళించండి, టెర్మినల్ స్పీడ్ మనకక్కర్లేదు.

డిస్క్‌కి రాసే టెస్ట్ ఉంటే ఇది తెలుసుకోండి: మ్యాక్‌లో డిస్క్‌కి రాసేయమని చెప్పే ఎఫ్‌సింక్ పిలిస్తే డేటా డ్రైవ్ దాకా వెళ్తుంది గానీ డ్రైవ్ సొంత క్యాష్‌ని ఖాళీ చేయమని అడగదు, దానికి ఫుల్‌ఎఫ్‌సింక్ అనే వేరే కాల్ ఉంది. గో భాష మ్యాక్ మీద ఆ రెండోదే వాడుతుంది. కాబట్టి మ్యాక్‌లో గో ప్రోగ్రాం ఫైల్ సింక్ దగ్గర ఇంకో భాషకంటే బాగా నెమ్మదిగా కనిపిస్తే, అది ఎక్కువ పని చేస్తోంది కాబట్టి. నిజాయితీగా పని చేసినవాడికి తక్కువ మార్కులు వేసినట్టు ఉంటుంది.

గడియారం, రన్‌లు

కోడ్ లోపల టైమ్ తీస్తే పైథాన్‌లో పెర్ఫ్ కౌంటర్ వాడండి. మామూలు టైమ్ ఫంక్షన్ విండోస్‌లో చాలాకాలం సుమారు 15.6 మిల్లీసెకన్ల అడుగులతో నడిచింది, అంతకంటే చిన్న పని అయితే సున్నా అని చూపిస్తుంది లేదా ఒక అడుగు దూకుతుంది. స్లీప్ కూడా అంతే, ఒక మిల్లీసెకను పడుకోమంటే పదిహేను పడుకునేది, 3.11లో బాగుచేశారు. స్లీప్ ఉన్న లూప్‌ని పాత పైథాన్‌తో బెంచ్‌మార్క్ చేసి విండోస్‌ని తిట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

బయటి నుంచి కొలవడానికి హైపర్‌ఫైన్ అనే కమాండ్ లైన్ టూల్ బాగుంటుంది, మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లలోనూ నడుస్తుంది. వార్మప్ ఆప్షన్‌తో మూడు నాలుగు రన్‌లు పారేయండి, ఫైళ్ళు క్యాష్‌లోకి వస్తాయి, పైథాన్ బైట్‌కోడ్ ఫైళ్ళు తయారవుతాయి, మ్యాక్‌లో కొత్త బైనరీకి మొదటిసారి జరిగే సెక్యూరిటీ తనిఖీ కూడా అయిపోతుంది. షెల్ లేకుండా నడిపే ఆప్షన్ పెట్టండి, లేదంటే ఒకచోట సీఎండీ, ఇంకోచోట ఎస్‌హెచ్ షెల్ మధ్యలో దూరతాయి. ఫలితాల్ని జేసన్‌లోకి తీసుకోండి.

జావా అయితే వార్మప్ అంటే మూడు రన్‌లు కాదు, ఒకే ప్రాసెస్ లోపల జిట్ (నడుస్తుండగానే కోడ్‌ని మెషీన్ కోడ్‌గా మార్చే కంపైలర్) కుదురుకునేదాకా. దానికి జేఎంహెచ్ అనే బెంచ్‌మార్క్ టూల్ ఉంది, సొంత లూప్ రాసుకోకండి. హీప్ (ప్రోగ్రాం డేటా ఉండే మెమరీ) సైజు చెప్పకపోతే జేవీఎం, అంటే జావా రన్‌టైమ్, మెషీన్ మెమరీలో నాలుగో వంతు గరిష్ఠంగా తీసుకుంటుంది. 8 జీబీ పెట్టెకీ 32 జీబీ పెట్టెకీ హీప్ వేరు, గార్బేజ్ కలెక్షన్ (వాడని మెమరీని వెనక్కి తీసుకోవడం) వేరు. ఇంకా, ఒకే సీపీయూ ఇచ్చిన చిన్న డాకర్ కంటైనర్‌లో చాలా వెర్షన్లు జీ1 కలెక్టర్ బదులు సీరియల్ కలెక్టర్ ఎంచుకుంటాయి, అదీ మీకు చెప్పకుండా. హీప్ సైజు, కలెక్టర్ రెండూ ఫ్లాగ్స్‌తో కట్టేయండి.

రన్‌ల సంఖ్య ముప్పైకి తగ్గకుండా చూసుకుంటాను. అన్నీ ఒకేసారి కాదు. పోల్చేవి రెండూ ఒకే ఓఎస్‌లో ఉంటే ఇదొకటి అదొకటి మార్చి మార్చి నడపండి, వేడి ఇద్దరికీ సమానంగా తగులుతుంది. డ్యూయల్ బూట్ అయితే విండోస్‌లో పది, రీబూట్, లైనక్స్‌లో పది, మళ్ళీ వెనక్కి. చిరాకే, కానీ ఒక బూట్‌కీ ఇంకో బూట్‌కీ మధ్య ఉన్న తేడా ఎంతో ఇందులోనే తెలుస్తుంది. అదే నాలుగు శాతం ఉంటే రెండు శాతం తేడా గురించి నోరు మూసుకోవాలి. సగటు కంటే మధ్య విలువ చెప్పండి, దానితో పాటు కనిష్ఠం, గరిష్ఠం.

మెమరీ కూడా పోలుస్తుంటే ఒక్క హెచ్చరిక: పైథాన్ రిసోర్స్ మాడ్యూల్ ఇచ్చే గరిష్ఠ మెమరీ అంకె లైనక్స్‌లో కిలోబైట్లలో, మ్యాక్‌లో బైట్లలో వస్తుంది. "మ్యాక్‌లో వెయ్యి రెట్లు మెమరీ తింటోంది" అని ఎవరైనా అంటే ముందు అది అడగండి.

ఫలితం రాసేటప్పుడు మెషీన్ మోడల్, ఓఎస్ వెర్షన్, ఇందాక చెప్పిన ఇంటర్‌ప్రిటర్ రెండు లైన్లు యథాతథంగా, పవర్ మోడ్, యాంటీవైరస్ స్థితి, స్క్రిప్ట్, ఇన్‌పుట్ హ్యాష్ పెట్టేయండి. ఇంకొకడు మళ్ళీ చేసి మీది తప్పని నిరూపించగలిగేలా ఉండాలి.

మా గొడవ చివరికి ఏమైందంటే, నేను 3.12 వేసుకుని, ఫైల్‌ని మామూలు ఫోల్డర్‌లోకి మార్చి, చార్జర్ పెట్టి మళ్ళీ చేశాను. తమ్ముడి మ్యాకే ఇంకా ముందుంది, తేడా మాత్రం బాగా కరిగిపోయింది. తర్వాత అదే లాప్‌టాప్‌లో ఉబుంటు బూట్ చేసి చూస్తే, లాగ్ ఫైల్ లెక్కపెట్టే భాగం విండోస్‌తో దాదాపు సమానంగా వచ్చింది. తేడా అంతా స్క్రిప్ట్ మొదట్లో వేల చిన్న కాన్ఫిగ్ ఫైళ్ళు తెరిచే దగ్గరే ఉంది. ఆ ఫైళ్ళని ఒకే ఫైల్‌గా కలిపేశాను. గ్రూప్‌లో ఆ స్క్రీన్‌షాట్ పెడితే ఒక్క ఎమోజీ కూడా పడలేదు.